అందాజు వద్దు నాన్నా, కొలత తీసుకో

నాన్నా,

కారు ఇంజన్ ఇంటి దగ్గరే విప్పి బాగుచేస్తానని పట్టుబట్టావట. మీ అమ్మ ఫోన్ చేసి, "మీరైనా చెప్పండి బావగారూ, నా మాట వినట్లేదు" అంది. నేను నిన్ను ఆపుతానని ఆవిడ ఆశ. నేను ఆపను. వయసులో ఉన్న కుర్రాడు సొంత చేతులతో ఇంజన్ బాగుచేసుకుంటానంటే, జీవితమంతా ఫిట్టరుగా బతికిన పెదనాన్న సంతోషించకుండా ఎలా ఉంటాడు? కానీ సంతోషపడి ఊరుకుంటే అది పెద్దరికం కాదు. చేతిలో ముప్పై వేలే ఉన్నాయన్నావు. అవి నీ జీతంలోంచి నెలనెలా మిగిల్చుకున్నవి. అందులో ఒక్క రూపాయి వృథా కాకూడదు, నీ చేతివేళ్ళకు చిన్న దెబ్బ తగలకూడదు, బండి మళ్ళీ రోడ్డెక్కాలి. అందుకే ఈ మాటలు రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే మర్చిపోతావు. కాగితం మీదుంటే పని మధ్యలో తీసి చూసుకుంటావు.

అన్నిటికంటే ముందు చెప్పేది ఒకటుంది. డబ్బు తక్కువ ఉన్నవాడు కొలతను నమ్ముకోవాలి. డబ్బున్నవాడు అనుమానం వచ్చిన పార్టునల్లా మార్చేసి నిశ్చింతగా ఉంటాడు. నీకు ఆ వీలు లేదు. ఏది అరిగింది, ఎంత అరిగింది, ఏది ఇంకా కొన్నేళ్ళు పనికొస్తుంది అన్నది అంకెల్లో తెలిస్తేనే నీ ముప్పై వేలు సరిపోతాయి. అందాజుగా పని మొదలుపెడితే రెండింతలైనా చాలవు. నేను రాసే మిగతా మాటలన్నీ ఈ ఒక్కదానిలోంచి వచ్చినవే.

నీ చేతికొచ్చిన మారుతీ 800 బండి మంచిదే. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి మారుతీ 800 తాళాలు అందించారు. 2014 జనవరిలో దాని తయారీ ఆగింది. ముప్పై ఏళ్ళు నడిచిన మోడల్ కాబట్టి దాని లోపలా బయటా తెలిసిన మేస్త్రీలు ప్రతి ఊళ్ళో ఉన్నారు. నీది కార్బొరేటర్ మోడల్. లోపలున్నది సుజుకీ వాళ్ళ ఎఫ్8బీ ఇంజన్: మూడు సిలిండర్లు, 796 సీసీ, బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 72 మిల్లీమీటర్లు. పోత ఇనుము బ్లాకు, పైన అల్యూమినియం హెడ్డు, ఒకటే క్యామ్ షాఫ్ట్, దాన్ని తిప్పడానికి టైమింగ్ బెల్టు. ఇంటి దగ్గర నేర్చుకునేవాడికి ఇంతకంటే సులువైన ఇంజన్ దొరకదు. ఓమ్నీ వ్యాన్లలో కూడా 2019 వరకు ఈ ఇంజనే వచ్చింది. పాకిస్తాన్‌లో మెహ్రాన్ పేరుతో అమ్మిన కార్లోనూ ఇదే. అందుకే రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు ఇవాళ్టికీ దొరుకుతున్నాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ ఆల్టో ఇంజన్ కూడా 796 సీసీయే గానీ, దానికి సిలిండరుకు నాలుగు వాల్వులు. నీదానికి రెండే. సీసీ చెప్పి పార్టు అడగకు. పాత పార్టును, ఆర్సీ కాపీని చేత్తో పట్టుకెళ్ళి, పక్కపక్కన పెట్టి సరిచూసుకుని కొను.

పానా పట్టే ముందు కాగితాలు తియ్యి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఆ ఫీజు 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. నీ బండి ఈ రెండోదాని కిందికే వస్తుంది. దీనికి తోడు గ్రీన్ టాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నాయి. ఇవన్నీ ముందే లెక్కేసి, ఆ డబ్బు విడిగా మీ అమ్మ చేతికిచ్చి దాచమను. ఇంజన్ బాగుపడి, కాగితాలకు డబ్బుల్లేక బండి ఇంటి ముందు మూలనపడితే ఆ బాధ మామూలుగా ఉండదు. బిల్లు లేని సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఆశపడకు. బ్లాకు మీద కొట్టిన నంబరే ఆర్సీలో ఉంటుంది. ఇంజన్ మారితే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. అది దొంగ బండిదైతే కష్టం నీ మెడకు చుట్టుకుంటుంది. నీ బ్లాకునే కాపాడుకో.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంజన్ నిజంగా విప్పాలా? గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? మొదట పొగ చూడు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు గట్టిపడ్డాయని అనుమానించు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగ వస్తుంటే రింగులో బోరో అరిగినట్టు. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. కార్బొరేటర్, చోక్, ఎయిర్ ఫిల్టర్ చూసుకుంటే చాలు, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. బాగా వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, రేడియేటర్లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది, లేదా హెడ్డు పగిలి ఉంటుంది.

ఆ తర్వాత కంప్రెషన్ టెస్ట్ చెయ్యి. గేజి కొనకు, తెలిసిన మెకానిక్ దగ్గర ఓ పూట అడిగి తెచ్చుకో. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూడు ప్లగ్గులూ తీసెయ్యి. ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకెయ్యి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టు. మూడు సిలిండర్ల అంకెలూ నోట్‌బుక్‌లో రాయి. ఏదైనా బాగా తక్కువ చూపిస్తే, ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్ళీ చూడు. అంకె పెరిగితే రింగుల దగ్గర లీకు. పెరగకపోతే వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో లీకు. పక్కపక్క సిలిండర్లు రెండూ సమానంగా పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందని మొదట అనుమానించాలి. ఖర్చు లేని ఈ పరీక్షతోనే నీ పని హెడ్డు వరకా, రింగులూ పిస్టన్ల దాకా పోయే హాఫ్ ఇంజన్ పనా, క్రాంక్ షాఫ్ట్ దాకా దించాల్సిన ఫుల్ ఇంజన్ పనా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఫుల్ ఇంజన్ అన్న మాట తేలిగ్గా అనకు. ఆయిల్ ప్రెషర్ బాగుండి, కింద నుంచి దడదడ శబ్దం రాకపోతే క్రాంక్ షాఫ్ట్ జోలికి వెళ్ళాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

పని ఎప్పుడు పెట్టుకోవాలో కూడా ఆలోచించు. మీ ఇల్లు విశాఖ పూర్ణా మార్కెట్ వెనక సందులో. తెల్లవారకముందే కూరగాయల బళ్ళు వస్తాయి, హోల్‌సేల్ సరుకు దిగుతుంది, హమాలీలు మూటలు మోస్తూ తిరుగుతారు. దసరాకి దుర్గాలమ్మ గుడి దగ్గర, మార్గశిర లక్ష్మివారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దారిలో అడుగు పెట్టే సందుండదు. విప్పిన బండిని రోడ్డు మీద పెట్టి ఎవరికీ అడ్డం కాకు. పక్కింటివాళ్ళకు ముందే ఓ మాట చెప్పు. వాళ్ళ గుమ్మం ముందు ఆయిల్ మరక పడితే నువ్వే కడుగు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో మన ఊరు మర్చిపోలేదు. బ్లాకు నోరు తెరుచుకుని ఉండగా అలాంటి వాన రాకూడదు. సంక్రాంతి చుట్టుపక్కల రోజులు మేలు. గాలిలో తేమ కాస్త తగ్గుతుంది. మన ఊరి ఉప్పుగాలి సంగతి నీకు తెలుసు. తుడిచి ఆరబెట్టిన ఇనుము ఒక రాత్రిలో ఎర్రబడుతుంది. కడిగిన ప్రతి ఇనుప భాగానికీ వెంటనే ఆయిల్ రాసి పాలిథిన్ కవర్లో కట్టిపెట్టు.

ఇంటి పక్కనే అంత పెద్ద మార్కెట్ ఉంది, వాడుకో. వాల్వులు, రాకర్లు, స్ప్రింగులు ఏ వరసలో తీశావో ఆ వరసలోనే పెట్టడానికి కోడిగుడ్ల అట్టలు చాలు. బోల్టులకు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, వాటి మీద రాయడానికి మార్కర్ పెన్ను కొనుక్కో. పెద్ద భాగాలకు కూరగాయల ట్రేలు అడుగు. గోనె సంచి మాత్రం ఇంజన్ దరికి రానివ్వకు. దాని పీచు ఒక్క పోగు ఆయిల్ దారిలో పడితే బేరింగు మాడిపోతుంది. తుడవడానికి ఉతికిన పాత నూలు చీర ముక్కలు వాడు. కార్బొరేటర్ చుట్టూ ఉన్న వాక్యూమ్ గొట్టాలు తీసే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తియ్యి. గొట్టానికీ అది ఎక్కే మూతికీ ఒకే అంకె వేసిన టేపు అంటించు. ఫోటో ఒక్కటే చాలదు. నోట్‌బుక్‌లో బొమ్మ కూడా గియ్యి. గీసేటప్పుడే మనిషి సరిగ్గా చూస్తాడు.

ఇంకో మాట మరీ గట్టిగా చెబుతున్నాను. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి దూరకు. గట్టి స్టాండ్లు రెండు పక్కలా పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, కారును ఊపి చూసి అప్పుడు దిగు. మొట్టమొదట బ్యాటరీ వైరు తియ్యి. పెట్రోలు డబ్బా మీ అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టే చోటికీ వంటింటికీ ఆమడ దూరంలో ఉండాలి. పార్టులు డీజిల్‌తో కడుగు, పెట్రోల్‌తో కడగకు. ఇంజన్ చిన్నదే కదా ఇద్దరం ఎత్తేస్తాం అనుకోకు. చైన్ బ్లాకు అద్దెకు తెచ్చుకో. దాన్ని వేలాడదీసే దూలం ఆ బరువు మోస్తుందో లేదో మేస్త్రీకి చూపించు. మూసిన గదిలో ఇంజన్ నడపకు. సైలెన్సర్ పొగలోని విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. తీసిన పాత ఆయిల్ మురిక్కాలవలో పోయకు. పాతూరి కాలవలన్నీ చివరికి సముద్రంలోకే పోతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇచ్చెయ్యి.

విప్పాక కొలతలు తియ్యి. బోరును వెర్నియర్‌తో చూసి తేల్చకు, దానికి డయల్ బోర్ గేజి కావాలి. అది నీ దగ్గర లేకపోయినా ఫరవాలేదు. బ్లాకును గాజువాక ఆటోనగర్‌లో మంచి బోరింగు షాపుకు తీసుకెళ్ళి, ముందు కొలిచి చెప్పమని అడుగు, ఆ పనికి డబ్బివ్వు. ప్రతి సిలిండరునూ పైన, మధ్యలో, కింద, అది కూడా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి. రింగు తిరిగే పైకొస దగ్గరే బోరు ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే పేలుడు ఒత్తిడీ వేడీ అక్కడే ఎక్కువ, ఆయిల్ అక్కడే తక్కువ. వచ్చిన అంకెలను సుజుకీ సర్వీస్ మాన్యువల్లోని హద్దులతో పోల్చు. హద్దు లోపలే ఉంటే తేలికపాటి హోనింగ్ చేయించి, పాత పిస్టన్లకే కొత్త స్టాండర్డ్ రింగులు వేసుకోవచ్చు. దాటితే మూడు సిలిండర్లనూ ఒకే కొలతకు, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్ద సైజుకు బోరు చేయించాలి. అప్పుడు ముందు పిస్టన్లు కొను, వాటిని షాపుకిచ్చి, వాటి కొలతకు తగినట్టు బోరు చేయమను. ముందు బోరు చేయించి తర్వాత పిస్టన్ కోసం తిరిగితే, ఆ సైజు దొరక్క బ్లాకు మూలనపడుతుంది.

కొత్త రింగుల్ని నేరుగా పిస్టన్‌కు ఎక్కించెయ్యకు. ఒక్కొక్కటీ దాని సిలిండర్లో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా కిందికి నెట్టి, రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజితో చూడు. ఇంత బోరుకు అది సుమారు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాపులో ఉండాలి. మరీ తక్కువుంటే వేడికి రింగు సాగి కొసలు ఒరుసుకుని సిలిండరును గీరేస్తుంది. మరీ ఎక్కువుంటే పడ్డ శ్రమంతా పొగైపోతుంది. కనెక్టింగ్ రాడ్ క్యాపులు ఏ రాడ్డువి ఆ రాడ్డుకే, ఏ వైపువి ఆ వైపుకే ఎక్కాలి. అవి జతగా కోసినవి, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. విప్పే ముందే వాటి మీద గుర్తులు పెట్టుకో.

హెడ్డు అల్యూమినియంది. ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కినా అది వంగుతుంది. నిఖార్సైన స్టీలు సరళ పట్టీ హెడ్డు మీద పొడవునా, అడ్డంగా, మూలల మీదుగా పెట్టి, కింద ఫీలర్ దూరుతుందేమో చూడు. 0.05 మిల్లీమీటర్లు దాటి దూరితే ఫేసింగ్ చేయించాలి. పగులు అనుమానం ఉంటే ప్రెషర్ టెస్ట్ చేయించాలి. వాల్వ్ ల్యాపింగ్ మాత్రం నువ్వే చెయ్యి. ఆ పేస్టు, రబ్బరు కర్ర చవకే, కావలసింది ఓపిక. సీటు చుట్టూ సన్నని బూడిదరంగు గీత ఎక్కడా తెగకుండా రావాలి. తర్వాత హెడ్డు బోర్లించి చాంబర్లో పెట్రోలు పోసి, చుక్క కారుతుందేమో చూసుకో. పేస్టు రవ్వ ఒక్కటి కూడా మిగలకుండా కడుగు, అది ఇంజన్ లోపలికి పోతే పని మళ్ళీ మొదటికొస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెబుతాను. మిషన్ పనిలో బేరమాడకు. బోరింగు, ఫేసింగు నీ చేతికి అందని పనులు. అక్కడ వంద తగ్గించమంటే మేస్త్రీ ఎక్కడో ఓ చోట తొందరపడతాడు. రింగులు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్, వాల్వ్ సీళ్ళు, టైమింగ్ బెల్టు అసలువే కొను, బిల్లు తీసుకో. టైమింగ్ బెల్టు తీసినప్పుడు దాని టెన్షనర్ బేరింగు, వాటర్ పంపు కూడా చూసుకో. అవి రేపు పోతే మళ్ళీ అంతా విప్పాలి. ఫీలర్ గేజి, రింగ్ కంప్రెసర్ కొనుక్కో. టార్క్ రెంచ్ కూడా మంచిది కొను, అది నీకు జీవితాంతం ఉంటుంది. మైక్రోమీటరు, వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్, కంప్రెషన్ గేజి అరువు తెచ్చుకో. రంగులు, మెరుపులు, కొత్త సీటు కవర్లు ఈ సంవత్సరానికి వద్దు. విప్పడం, కడగడం, కార్బన్ గీకడం, ల్యాపింగ్ చేయడం నీ కష్టం. వాటికి రూపాయి పోదు. అనుభవమున్న మెకానిక్ ఒకర్ని బిగింపు రోజున పిలిచి, రోజు మజూరీ ఇచ్చి, నువ్వు చేస్తుంటే పక్కన కూర్చుని చూడమను. నీ ముప్పై వేలల్లో అంతకంటే మంచి ఖర్చు లేదు. మధ్యాహ్నం భోజనం కూడా మీ ఇంట్లోనే పెట్టు.

బిగించే ముందు బ్లాకు కడగడం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. హోనింగ్ చేశాక గోడల్లో ఇరుక్కున్న రవ్వ డీజిల్‌తో పోదు. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్ పెట్టి రుద్దాలి. తెల్ల గుడ్డకు ఆయిల్ అద్ది సిలిండర్ లోపల తుడిస్తే అది తెల్లగానే రావాలి. నల్లబడితే మళ్ళీ కడుగు. ఆయిల్ దారులన్నిటిలో సన్నని బ్రష్ దూర్చి, గాలి కొట్టించు. ఆరగానే ఆయిల్ రాయి. ఆ రోజు ఇంట్లో ఫంక్షనున్నా, సినిమాకి పిలిచినా, ఆయిల్ రాయకుండా లేవకు.

బేరింగులకు, క్యామ్‌కు, సిలిండర్లకు ఆయిల్ పుష్కలంగా రాసి ఎక్కించు. ప్రతి రాడ్డూ బిగించాక క్రాంక్ చేత్తో తిప్పి చూడు. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆగి, కారణం దొరికాకే ముందుకు వెళ్ళు. హెడ్డు బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి. విప్పేటప్పుడు బయటినుంచి లోపలికి. ముప్పై ఏళ్ళు బోల్టులు బిగించిన మేస్త్రీ చెయ్యి టార్క్ తెలుసుకుంటుంది. నీ చెయ్యి ఇంకా నేర్చుకోలేదు, అందుకే రెంచ్. అల్యూమినియంలో మర ఒక్కటి తినేస్తే మళ్ళీ షాపుకే. గ్యాస్కెట్ దగ్గర సీలెంట్ దండిగా పూస్తే లీకు ఆగుతుందనుకోకు. ఎక్కువైంది లోపలికి పిండుకుని ఆయిల్ పంపు జల్లెడకు అడ్డంపడుతుంది. టైమింగ్ గుర్తులు కలిపాక రెండు చుట్లు చేత్తో తిప్పి మళ్ళీ కలిశాయో లేదో చూడు. డెల్కో (డిస్ట్రిబ్యూటర్) వైర్లు ఈ ఇంజన్ పేలే వరసలో, 1-3-2గా ఎక్కాలి. వాల్వ్ సందులు సరిచేసుకో.

అన్నీ అయ్యాయి, స్టార్ట్ చేద్దాం అనే ముందు ఒక ప్రశ్న అడుగు: ఈ ఇంజన్ మొదట ఎందుకు పాడైంది? దానికి జవాబు లేకుండా బిగిస్తే కొత్త రింగులు కూడా అదే దారి పడతాయి. మన వైపు చాలామంది "ఎండ దేశం, థర్మోస్టాట్ ఎందుకు" అని దాన్ని పీకేస్తారు. అప్పుడు ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి, ఆయిల్లో తేమ చేరి జిగురవుతుంది. పోయిన థర్మోస్టాట్ తీసి మంచిది పెట్టు, అంతే తప్ప ఆ చోటు ఖాళీ వదలకు. రేడియేటర్లో కుళాయి నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోతాయి, అల్యూమినియం తినేస్తుంది. రేడియేటర్ శుభ్రం చేయించు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పొయ్యి. ఫ్యాన్ సమయానికి తిరుగుతుందో లేదో చూడు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత సరిగ్గా కూర్చుంటుందా? లేకపోతే మార్కెట్ సందులోని దుమ్మంతా నేరుగా బోరులోకే.

మొదటిసారి ఇగ్నిషన్ వైరు తీసి, ఆయిల్ ప్రెషర్ దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, అప్పుడు వైరు పెట్టి స్టార్ట్ చెయ్యి. ఆయిల్ పైకి ఎక్కకుండా స్టార్ట్ చేయడం కొత్త బేరింగులకు మొదటి గాయం. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో వదలకు. లీకులు చూసుకుని రోడ్డు మీదికి తీసుకెళ్ళు. మన బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా పొద్దున్నే వెళ్ళు. ఒకే వేగంతో పోకుండా కాస్త పెంచుతూ, యాక్సిలరేటర్ వదిలేస్తూ వెళితే రింగులు గోడకు బాగా అమరుతాయి. సింహాచలం కొండ, అరకు ఘాటు, నిండా మనుషులతో ప్రయాణం ఇప్పుడే వద్దు. ఐదువందల కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చు. తీసిన ఆయిల్ తెల్ల గుడ్డ మీద పోసి, మెరిసే రజను ఉందేమో చూడు. ఆ ఆయిల్ నీ పనితనం ఎలా ఉందో ఎవరినీ అడగకుండానే చెబుతుంది.

ఎక్కడ ఆగాలో కూడా ముందే తేల్చుకోవాలి. పని మధ్యలో మనసు ఒప్పుకోదు కాబట్టి ఇప్పుడే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో. బ్లాకు పగిలితే ఆగుతాను. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్‌కు కూడా పనికిరాదంటే ఆగుతాను. కొలతలన్నీ చూశాక మొత్తం ఖర్చు ముప్పై వేలు దాటుతుందంటే, మిగిలింది కూడబెట్టేదాకా పార్టులు ఆయిల్ రాసి భద్రపరుస్తాను. అప్పు చెయ్యను. ఫోన్‌లో క్షణాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి అసలు పోను. బండి ఆరు నెలలు కదలకపోతే పరువేమీ పోదు. ఆటో ఉంది, బస్సు ఉంది. అప్పుతో మీ ఇల్లు కుంగిపోతేనే నాకు బాధ.

ఈ ఊరు కొలత మీద నిలబడ్డ ఊరు నాన్నా. 1933లో పోర్టు మొదలైంది. 1948లో సింధియా యార్డు నుంచి జల ఉష నౌక నీళ్ళలోకి జారింది. తర్వాత రిఫైనరీ వచ్చింది, పోరాడి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారం వచ్చింది. ఆ చోట్లన్నిట్లో ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లుగా మన ఊరి మనుషులు మైక్రోమీటరు పట్టుకుని బతికారు. కంచరపాలెం ఐటీఐలో నేర్చుకుని ఆ పనుల్లోకి వెళ్ళిన కుర్రాళ్ళు ఎంతమందో. వాళ్ళకు గొప్ప జీతాలు లేవు. కానీ షాఫ్టు ఎంతుందని అడిగితే "సుమారుగా" అనేవాళ్ళు కాదు, అంకె చెప్పేవాళ్ళు. ఆ అలవాటు నీకూ రావాలి. ఈ ఇంజన్ బాగుపడినా పడకపోయినా, కొలవకుండా మాట్లాడని మనిషిగా నువ్వు తయారైతే, రేపు ఏ వర్క్‌షాపులోనైనా, ఏ ఉద్యోగంలోనైనా అది నిన్ను నిలబెడుతుంది.

కాబట్టి ఈ ఆదివారం ఒక్క బోల్టు కూడా విప్పకు. పొగ రంగు చూడు, కంప్రెషన్ తియ్యి, ఆయిల్ పోసి మళ్ళీ తియ్యి, వచ్చిన అంకెలన్నీ తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయి. నోట్‌బుక్ పట్టుకుని సాయంత్రం మా ఇంటికి రా. ఇద్దరం కూర్చుని అంకెలు చూసి, ఏ పార్టు కొనాలో, ఏది కొనక్కర్లేదో చీటీ రాద్దాం. నా మైక్రోమీటరు శుభ్రం చేసి ఉంచుతాను. అది ఇక నీదే. మీ అమ్మతో, పెదనాన్న ఆపలేదు గానీ లెక్క ప్రకారం చేయిస్తానన్నాడని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న